దత్తపత్రం వీసా కాదు

రాజోలులోనో కొత్తపేటలోనో ఒక తమ్ముడు తన పాపను పీటల మీదున్న అన్నావదినల ఒడిలో కూర్చోబెడతాడు. పురోహితుడు హోమం చేయిస్తాడు. మర్నాడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తపత్రం రిజిస్టరవుతుంది. 1956 నాటి హిందూ దత్తత చట్టానికి పిల్లను ఇవ్వడం, పుచ్చుకోవడమే ముఖ్యం. హోమం లేకపోయినా చెల్లుతుంది. అన్నావదినలు అమలాపురంలో ఉంటే పని అయిపోయినట్టే. డల్లాస్‌లో ఉంటేనే చిక్కు.

దేశాల మధ్య దత్తతకు 1993 నాటి హేగ్ ఒప్పందం ఉంది. మన దేశంలో 2003 నుంచి, అమెరికాలో 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం దత్తత ఆఖరున రావాలి. దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండి, అక్కడి ఏజెన్సీ చేత గృహ పరిశీలన చేయించుకోవాలి. దంపతుల అర్హత కోసం పెట్టే ఐ-800ఏ దరఖాస్తు మంజూరయ్యాక, పాప పేరు మీద పెట్టే ఐ-800 దరఖాస్తుకు తాత్కాలిక ఆమోదం రావాలి. ఈలోగా తొందరపడి ఇక్కడ దత్తత కానిచ్చేస్తే ఆ ఐ-800 తిరస్కరిస్తారు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్లకు ఈ దారే లేదు. పాపను పదహారేళ్లలోపు దత్తత తీసుకుని, రెండేళ్లు తనతో ఒకే ఇంట్లో ఉన్నాకే వాళ్లు దరఖాస్తు పెట్టాలి. ఉద్యోగం అక్కడ, పాప ఇక్కడ అయితే అదెలా కుదురుతుంది?

మన వైపు ఈ వ్యవహారం చూసేది ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ కారా. పాపకు ఐదేళ్లు నిండితే తన సమ్మతి కూడా అడుగుతారు. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు కలెక్టరే ఇస్తున్నారు. అదే ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది కాబట్టి రాజోలు, కొత్తపేట వాళ్లు కాకినాడ దాకా పోనక్కర్లేదు.

ఇలా బంధువుల పిల్లను దత్తత తీసుకోవడంలో బంధువు అనే మాట దగ్గర చాలామంది పొరపడతారు. పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ: 2015 నాటి బాలల న్యాయ చట్టం గుర్తించేది వీళ్లనే. మనకు వేలువిడిచిన మేనమామా మేనమామే. చట్టానికి కాదు.

అన్నీ సవ్యంగా జరిగి ఐహెచ్-3 వీసాతో దిగిన పాపకు, పౌరులైన అమ్మానాన్నల దగ్గర ఉంటే, పౌరసత్వం దానంతటదే వస్తుంది. కానీ ఆ పాప పెద్దదయ్యాక కన్నతల్లిని గ్రీన్‌కార్డుకు స్పాన్సర్ చేయలేదు. అమెరికా చట్టం ఒప్పుకోదు. చదువు కోసం పంపుతున్నాం, రేపు అదే మమ్మల్ని పిలిపించుకుంటుంది అనుకునే తల్లులున్నారు. సంతకం పెట్టకముందే ఆ తల్లిని కూర్చోబెట్టి ఈ మాట చెప్పండి.