చిటికెనవేలు చెప్పిన సంగతి

“చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు” అన్న సామెతను ఏటేటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. కాని చెయ్యి కాలుతున్న సంగతే తెలియనివాడు ఆకులకోసం ఎందుకు వెతుకుతాడు? ఈ ప్రశ్న నాకు ఏనాడూ తట్టలేదు. పోయినేడు వేసవిలో మా విస్సన్నపేటలో తట్టింది.

మాది మామిడితోటల సీమ. ఆవకాయ రోజుల్లో మా పెరటిచెట్టు కాయలు దించడానికి ఏటా ఒక మనిషి వస్తాడు. అతను చిక్కం పట్టాడంటే ఒక్క కాయ నేలను పడదు. ఆ ఏడు మాత్రం కర్ర మాటిమాటికీ చేతిలోంచి జారింది. ఎండకు సోలాడేమోనని మా ఆవిడ గ్లాసునిండా పొగలు కక్కే టీ ఇచ్చింది. అతను గ్లాసు అడుగున చిటికెనవేలు ఆనించి తాపీగా తాగాడు. గ్లాసు దించేసరికి ఆ వేలు ఎర్రగా కందిపోయి ఉన్నది. మా ఆవిడ “అయ్యో!” అన్నది. అతను నవ్వి, “ఆ వేలికి తెలవదు లెండమ్మా. సంక్రాంతి కాణ్ణించీ మొద్దుబారింది” అన్నాడు.

మర్నాటికి వేలు బొబ్బెక్కింది. అతన్ని వెంటబెట్టుకుని నాకు తెలిసిన డాక్టరుగారి వద్దకు వెళ్ళాను. “నరాల జబ్బు కాబోలండీ. ముంజేతినిండా ఎలా ఉబ్బి ఉన్నాయో చూడండి” అన్నాను.

“మాస్టారూ, మీరు చూపిస్తున్నవి సిరలు, రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే గొట్టాలు. మన తెలుగులో రెంటినీ నరాలే అంటున్నాం. వైద్యుడు మణికట్టు పట్టి చూసే నాడి కూడా నిజానికి ధమని!” అన్నారాయన. తెలుగు పంతులుకు ఆయన తెలుగు పాఠం చెప్పారన్నమాట.

అతన్ని పరీక్షిస్తూ ఆయన చెప్పిన దాని సారాంశం ఇది. చేతిలో 27 ఎముకలున్నాయి. వేళ్ళను కదిలించే కండరాలు మాత్రం వేళ్ళలో లేవు. ముంజేతి కండరాలు స్నాయువులనే తాళ్ళతో వాటిని లాగుతాయి. ముగ్గు పెట్టడం, సూదిలో దారం ఎక్కించడంవంటి సన్నపనులకు అరచేతిలోని చిన్న కండరాలు తోడుపడతాయి. రక్తం రెండు ధమనుల గుండా వచ్చి అరచేతిలో కమానుల్లా కలుస్తుంది. డాక్టరుగారు అతనిచేత పిడికిలి బిగింపించి, రెండు ధమనులనూ నొక్కిపట్టి, పిడికిలి విప్పించారు. అరచెయ్యి తెల్లబోయింది. చిటికెనవేలి వైపు ధమనిని వదలగానే క్షణాల్లో ఎర్రబారింది. 1929లో అలెన్ అనే అమెరికా డాక్టరు చెప్పిన పరీక్ష ఇది. “రక్తానికి లోటు లేదు. ఇక నరాలు చూద్దాం” అన్నారు.

ముఖ్యమైన నరాలు మూడు. మణికట్టును పైకెత్తించేది రేడియల్. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం, ఇంతవరకూ స్పర్శ తెలిపేది మీడియన్. అది మణికట్టువద్ద 9 స్నాయువులతో కలిసి ఇరుకుసందులో దూరుతుంది. అక్కడ నలిగితే ఆ వేళ్ళు తిమ్మిరెక్కి అర్ధరాత్రి నిద్ర లేపుతాయి. మూడవది అల్నార్. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు ఝల్లుమనేది అదే. చిటికెనవేలి స్పర్శా, అరచేతి చిన్న కండరాల్లో ఎక్కువ భాగమూ దాని పాలివే.

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కాగితం పట్టుకోమని లాగి చూశారు. ఎడమచేతిలో నిలిచింది. కుడిచేతిలో బొటనవేలు కణుపువద్ద వంగిపోయి కాగితం జారింది. చిక్కం కర్ర జారిందీ అందుకే! మోచేతి వెనుక తడిమితే నరం తాడులా లావెక్కి ఉన్నది. ముంజేతిమీద పాలిపోయిన మచ్చ ఒకటి ఉన్నది. దానిమీద దూది తాకిస్తే అతనికి తెలియలేదు.

“కుష్ఠు” అన్నారు డాక్టరుగారు మెల్లగా.

అతను కూలబడిపోయాడు. “ఊళ్ళో తెలిస్తే నన్ను పనికెవరు పిలుస్తారు బాబూ?” అన్నాడు. నిజం చెప్పొద్దూ, నా మనసులో మెదిలింది మా ఇంటి టీగ్లాసు. కుర్చీ కాస్త వెనక్కి జరిపాను కూడా.

డాక్టరుగారు అది గమనించారు. ఆయన చదివింది వేలూరు క్రిస్టియన్ వైద్యకళాశాలలో. “ఈ జబ్బులో వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని లోకం అనుకునేది. పాల్ బ్రాండ్ అనే సర్జను మా వేలూరులోనే పరిశీలించి, అది తప్పన్నాడు. నొప్పి తెలియక కాల్చుకుని, కోసుకుని, ఆ పుండును పట్టించుకోకపోవడంవల్లే వేళ్ళు పాడవుతాయని చూపాడు. 1948 నుంచి ఆయన వంకరపోయిన వేళ్ళకు ముంజేతిలోని మంచి కండరపు స్నాయువును మళ్ళించి కుట్టి పని చేయించాడు. ఇతనికి అంతదాకా రాలేదు. నరం దెబ్బతిని ఆరునెలలు దాటలేదు కనుక కోలుకునే ఆశ ఉంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1982లో సూచించిన మందుల కలయిక ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. కొందరికి ఆరునెలలు, కొందరికి ఏడాది. మందు మొదలెట్టిన కొద్దిరోజులకే ఇతరులకు అంటుతుందన్న భయం ఉండదు. మాస్టారూ, కుర్చీ ముందుకు జరుపుకోండి” అన్నారు.

జరుపుకున్నాను. సిగ్గుతోనే.

ఈ ఏడు ఆవకాయకు అతనే వచ్చాడు. మందులు పూర్తిచేశాడు. చిటికెనవేలికి స్పర్శ పూర్తిగా తిరిగిరాలేదు, బొటనవేలికి పట్టు మాత్రం వచ్చింది. మా ఆవిడ అదే గ్లాసులో టీ ఇచ్చింది. అతను తువ్వాలు మడిచి గ్లాసుకు చుట్టి పట్టుకున్నాడు.

నొప్పి పుడితే మనం డాక్టరువద్దకు పరుగెత్తుతాం. నొప్పి పోయిందంటే సంతోషిస్తాం. ఒక వేలికి తాకిడి తెలియడం మానేసిందంటే మాత్రం, అది నొప్పికన్న ముందు చూపించుకోవలసిన సంగతి. మీ ఇంట్లో వంటచేసేవారినీ, మీ పెరట్లో పనిచేసేవారినీ ఒకసారి అడిగి చూడండి. ఆకులు పట్టుకోవలసిన వేళ చేతులు కాలకముందే.