కుంభాకార దర్పణము - దూరపు లెక్క

అమీర్‌పేట నుండి పంజాగుట్టకు మెట్రో స్తంభాల ప్రక్కగా సాగే బస్సులో ముందు సీటు దొరికినపుడు మా చూపు ఎడమవైపు బయట బిగించిన అద్దముపై నిలుచును. జానెడు అద్దములో ఆటోలు, మోటారు సైకిళ్లు, దుకాణాల వరుస, రోడ్డు దాటుటకు వేచియున్న జనము, అన్నియు ఇమిడిపోవును. అది కుంభాకార దర్పణమగుటయే ఇందుకు కారణము.

అయితే విశాల దృశ్యమునిచ్చే ఆ వంపే దూరమును మరుగుపరచును. లెక్క వేసి చూతము. దర్పణపు వక్రతా వ్యాసార్థము 2 మీటర్లనుకొనిన నాభ్యంతరము 1 మీటరు. అద్దమునకు 9 మీటర్ల దూరమున 1.5 మీటర్ల ఎత్తుగల కారు వచ్చుచున్నది. దాని ప్రతిబింబము అద్దము వెనుక 0.9 మీటరున, పదవ వంతుగా, 15 సెంటీమీటర్ల ఎత్తున ఏర్పడును. డ్రైవరు కన్ను అద్దమునకు 1 మీటరు దూరమున ఉన్నచో ప్రతిబింబము అతనికి 1.9 మీటర్ల దూరమున ఉండును. అక్కడి 15 సెంటీమీటర్ల బొమ్మ, 19 మీటర్ల దూరమందలి కారంతగానే కనబడును. సమతల దర్పణమైనచో 10 మీటర్ల దూరమందున్నట్లు కనబడెడిది! పరిమాణమును బట్టి దూరమును ఊహించు కన్ను ఇచట మోసపోవును. కార్ల అద్దాలపై హెచ్చరిక ముద్రించుట ఇందుకే. మోటారు సైకిలుపై కళాశాలకు వచ్చు మన విద్యార్థులు ఈ రెండంకెలను పరీక్షతోనే మరువరాదు.

మరి పోయిన దూరమును రాబట్టుట ఎట్లు? బస్రాలో జన్మించి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైథమ్ 11వ శతాబ్దిలోనే ‘కితాబ్ అల్ మనాజిర్’లో ఇందుకు దగ్గరి ప్రశ్నను విచారించెను: కన్ను, వస్తువు ఉన్న చోట్లు తెలిసినపుడు గోళాకార దర్పణముపై కాంతి ఏ బిందువున పరావర్తనము చెందును? కెమెరా లెక్క దీనికి తిరుగుడు. చిత్రములో ఆ బిందువు తెలియును; అచటి నుండి కిరణము ఏ దిశనుండి వచ్చెనో గుర్తింపవచ్చును. కాని వస్తువు ఆ రేఖపై ఎంత దూరమున ఉన్నదో ఒక్క గోళము చెప్పజాలదు. ప్రక్కన రెండవ గోళమును ఉంచిన రెండవ రేఖ లభించును; రెండును కలియు చోటనే వస్తువుండును. 1988లో శ్రీ కె. నాయర్ అను శాస్త్రజ్ఞుడు రెండు మెరుగు గోళములతో, ఒకే కెమెరాతో దూరమును కొలుచు ఇట్టి పద్ధతిని ప్రకటించెను.

దూరపు వస్తువుల విషయమున మాత్రము ఈ పద్ధతి తడబడును. రెండు రేఖలు దాదాపు సమాంతరములగుటచే చిత్రములోని కొద్దిపాటి పొరపాటే పెద్ద తేడాగా మారును. మా ఉద్దేశములో దీనిని ప్రయోగశాలలోనే చూచుట మేలు. రెండు బేరింగు గుండ్లు, ఒక మొబైలు ఫోను కెమెరా చాలును. గుండ్ల మధ్య ఎడము పెంచిన కొలది లెక్క నిజమునకు దగ్గరగా వచ్చును.