‘రన్’ క్రియ: అర్థవిస్తృతి

1928లో సంపూర్ణమైన ఆక్స్‌ఫర్డు నిఘంటువున నత్యధికస్థలము నాక్రమించిన పదము ‘సెట్’. 2011 నాటికి నూతనసంస్కరణమున ‘రన్’ క్రియ 645 అర్థములతో దానిని మించినది. సంఖ్యకన్న హేతువు ముఖ్యము. ప్రాచీనాంగ్లమున పరుగెత్తుటకును పరుగెత్తించుటకును వేర్వేరు క్రియలుండెను. కాలక్రమమున నవి యేకమైనవి. కావుననే గుఱ్ఱము పరుగెత్తుటయు, రౌతు దానిని పరుగెత్తించుటయు, తుదకు వర్తకుడు అంగడి నడపుటయు నొక్క మాటకే చెల్లినవి. తెలుగున నడచు, నడపు అను భేదము నిలిచియుండుటచే నీ కలయిక కలుగలేదు. (వ్యాపారమును మనము నడపుదుము; ఆంగ్లేయులు పరుగెత్తింతురు!) ఐనను మన ‘పాఱు’ ధాతువును మఱువరాదు. పిఱికివాడు పాఱిపోవును, ఏఱును పాఱును.

కర్తను, కర్మను చూపక అర్థములను మాత్రము వరుసగా నిచ్చు ద్విభాషానిఘంటువు విద్యార్థిని పెడత్రోవ పట్టించును. ముక్కు ‘రన్’ అయినచో తెలుగున కారును. ఎన్నికలలో అమెరికా అభ్యర్థి పరుగెత్తును, బ్రిటిషు అభ్యర్థి నిలుచును. మన అభ్యర్థియు నిలుచునే.