గేదె కార్జము చెడిన సంగతి నెత్తురు ముందుగా తెలుపును

సంక్రాంతి దాటేసరికి చెరువు నీరు వెనుకకు తగ్గి, అంచులలో పచ్చని గడ్డి లేచును. ఎండుగడ్డితో మొహము మొత్తిన గేదెలను రైతు సోదరులు అక్కడికే తోలుదురు. కార్జపు జలగ గేదె కడుపులో చేరునది అక్కడనే. నత్తల నుండి వెలువడిన జలగ పిల్లలు గడ్డి పరకలకు అంటుకొని, కంటికి కనబడనంత చిన్న గుల్లలలో కాచుకొని యుండును.

ఆపైన జరుగునది గమనించుడు. గడ్డితో లోనికి పోయిన పిల్ల పేగును తొలుచుకొని బయటపడి, కార్జములో దూరి, వారముల తరబడి దానిని తినుచు త్రోవ చేసికొనును. తుదకు పైత్యరసపు గొట్టములను చేరి, అక్కడ పెద్దదై గ్రుడ్లు పెట్టును. మన ప్రాంతపు జాతి జలగకు ఇందుకు సుమారు మూడు, నాలుగు నెలలు పట్టును. పేడ పరీక్షలో చూచునది ఈ గ్రుడ్లనే. కనుక తొలి మూడు నెలలలో పేడను ఎన్నిమారులు పరీక్షించినను అవి కనబడవు. “పేడలో ఏమీ లేదన్నారండీ, పాలేమో రోజురోజుకీ తగ్గిపోతున్నాయి” అని చెరువు క్రింది గ్రామములలో రైతులు నాతో అనుచుందురు. రైతు మాటలో అబద్ధము లేదు, పరీక్షలో తప్పును లేదు. పరీక్షకు అది అదను కాదు, అంతే. దవడ క్రింద నీరు దిగు వరకు ఆగినచో కార్జము అప్పటికే చాలవరకు చెడియుండును.

ఇక్కడనే నెత్తురు పరీక్ష అక్కరకు వచ్చును. కార్జపు కణములలో ఎంజైములను పదార్థములు కలవు. కణము దెబ్బతిన్నపుడు, చిల్లిపడిన కుండలోని నీటివలె ఇవి నెత్తురులోకి కారును. పిల్ల జలగలు కార్జమును తొలుచు వారములలోనే జీ.ఎల్.డి.హెచ్. పెరుగును. జలగలు పైత్యరసపు గొట్టములను చేరినపుడు జీ.జీ.టీ. పెరిగి, చాలకాలము నిలుచును. మనుష్యుల కామెర్లలో పేరుపొందిన ఏ.ఎల్.టీ. పశువుల కార్జములో స్వల్పము గనుక దానివలన మనకు ఫలము తక్కువ. ఏ.ఎస్.టీ. కండ నలిగినను పెరుగును. చాలసేపు పడియుండి లేవలేని గేదెలో అది ఎక్కువైనంత మాత్రమున కార్జము చెడినదనరాదు.

ఒక హెచ్చరిక. కార్జము దెబ్బతిన్నదని నెత్తురు చెప్పును గాని, కొట్టినదెవరో చెప్పదు. బూజుపట్టిన వేరుశెనగ చెక్క కూడ ఇట్లే చేయును. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అట్టి చెక్కలోని విషము వలననే చచ్చినవి. కావున చెరువు మేత సంగతే గాక, దాణా సంగతియు పశువైద్యునికి దాచక చెప్పవలెను.

ఈ తేడా తెలియుట మందు కొరకే. ఆక్సిక్లోజనైడు ఎదిగిన జలగలనే చంపును, పిల్లలు మిగిలిపోవును. ట్రైక్లాబెండజోలు పిల్లలను కూడ చంపును. ఏది, ఎంత ఇవ్వవలెనో పశువు తూకమును బట్టి వైద్యుడే నిర్ణయించవలెను. పాడిగేదె అయినచో ఆ మందు ఇవ్వవచ్చునా, ఎన్ని రోజులు పాలు వాడరాదో ముందుగానే అడుగుడు.

నేను పైరుపంటల ఉద్యోగిని, సూది పట్టువాడను కాను. అయినను చూచినది చెప్పెదను: నెత్తురు తీయుట కన్న దానిని పాడుకాకుండ చేర్చుటే కష్టము. గొట్టమును కుదిపినచో ఎర్రకణములు పగిలి లెక్కలు తారుమారగును. ఎండ తగలనీయక, చల్లని పెట్టెలో, మంచుగడ్డకు నేరుగా తాకకుండ, ఆనాడే ప్రయోగశాలకు పంపవలెను. ఒక్కొక్కరు వేరువేరుగా పోవుట కన్న, గ్రామాధికారులు పశువైద్యశాలతో మాట్లాడి ఊరంతటికి ఒక రోజు కుదిర్చిన మేలు. అక్కడ ఏయే పరీక్షలు జరుగునో ముందుగా కనుగొనవలెను. చెరువు మేత మొదలైన ఆరేడు వారములకు ఐదారు గేదెల నెత్తురు తీయించుడు. చెరువు ముఖము చూడని గేదెదొకటి పోల్చుటకు చేర్చుడు. ప్రతి గొట్టముపై గేదె చెవిపోగు సంఖ్య, వయస్సు, ఈని ఎన్నాళ్లయినది, చెరువు మేత మొదలైన తేదీ వ్రాయించుడు.