వెలుగు పెంచితే చాలదు!

ఎలమంచిలి: అక్వేరియంలో నాటిన మొక్కలు పాలిపోతున్నాయని పాత ట్యూబులైటు తీసి శక్తిమంతమైన ఎల్‌ఈడీ దీపం బిగిస్తారు. కొద్దివారాలకే అద్దాలకు నాచు పడుతుంది. తెల్లవారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. లోపం దీపానిది కాదు.

వెలుతురు పెరిగేకొద్దీ మొక్క ఆకలి పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్, నత్రజని, పొటాష్, ఇనుము ఆ మేరకు అందాలి. ఏ ఒక్కటి కొరవడినా ఎదుగుదల అక్కడే ఆగుతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ సూత్రం వరి రైతులకు అనుభవంలో ఉన్నదే. మొక్క వాడుకోలేని వెలుతురు నాచుకు మేత అవుతుంది. కొత్త ఆకులు మాత్రమే పసుపుబారితే చాలావరకు అది ఇనుము లోపం. దానికి దీపం మార్చడం దండగ.

పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కలు, నాచు చీకటిలో దానినే పీల్చుకుంటాయి. అందుకే చేపలకు వేకువజాము గండం. తీరంలోని రొయ్యల చెరువుల్లో ఆ వేళ ఏరేటర్లు తిప్పేదీ ఇందుకే. వేసవిలో నీరు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ మరింత తగ్గుతుంది. కరెంటు పోయి గాలిపంపు ఆగితే గండం రెట్టింపే.

కొత్త దీపాన్ని తొలి రెండు, మూడు వారాలు రోజుకు 6 గంటలకు మించి వెలిగించకపోవడం మేలు. ఆపై నాచు పట్టకుంటే వారానికి అరగంట చొప్పున 8 గంటల వరకు పెంచవచ్చు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే దీపంతోపాటే దానినీ ఆపాలి. గాలిపంపు రాత్రంతా నడవాలి. మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా, వాలిస్‌నేరియా మొక్కలే ఉన్నవారికి సాధారణ దీపం సరిపోతుంది.