ఏ మెట్టు మీద ఆగింది?

అరకు దాటి పాడువా మీదుగా కొండదారి పడితే నందపూర్ వస్తుంది. రాజులు జయపురానికి మారకముందు ఇదే వాళ్ల రాజధాని. ముప్పైరెండు మెట్ల సింహాసనం తాలూకు రాళ్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట వినగానే తెలుగువాళ్లకు విక్రమార్కుడి కథే గుర్తొస్తుంది. భోజరాజు సింహాసనం ఎక్కబోతుంటే మెట్టుకో బొమ్మ ఆపుతుంది. ఒక కథ చెబుతుంది, ఒక ప్రశ్న వేస్తుంది. జవాబు లేకపోతే వెనక్కి దిగాల్సిందే.

ఇంట్లో కూర్చుకున్న కంప్యూటర్‌లో యాపిల్ వారి మ్యాక్ఓఎస్ నడపాలనుకునేవాళ్లకూ ఇదే ఎదురవుతుంది. బటన్ నొక్కింది మొదలు తెర వెలిగేదాకా యంత్రం చాలా మెట్లెక్కాలి. ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. తెర నల్లగా ఉండిపోతుంది, లేదా గుండ్రటి గీతకు అడ్డంగా మరో గీత ఉన్న నిషేధ గుర్తు కనబడుతుంది. "మ్యాక్ రావట్లేదండీ" అంటే బాగుచేసే మనిషికి ఏమీ తెలియదు. ఏ మెట్టు మీద ఆగిందో చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఇలాంటి యంత్రాన్ని హ్యాకింటాష్ అంటారు. 2005 జూన్‌లో యాపిల్ తన కంప్యూటర్లను ఇంటెల్ చిప్‌లకు మారుస్తున్నట్టు ప్రకటించింది. 2006 జనవరిలో మొదటి ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాయి. లోపలున్నది బజారులో దొరికే జాతి చిప్పే కావడంతో, మామూలు పీసీలో మ్యాక్ఓఎస్ ఎందుకు నడవకూడదని ఔత్సాహికులు పూనుకున్నారు. యంత్రాన్ని అసలైన మ్యాక్‌గా పరిచయం చేసే బూట్‌లోడర్లు పుట్టాయి. మొదట కమీలియన్, ఆ తర్వాత క్లోవర్, 2019 నుంచి ఓపెన్‌కోర్. ఫైనల్ కట్ ప్రో, లాజిక్ ప్రో కంప్యూటర్లలో మ్యాక్ మీద తప్ప నడవవు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియోలకూ, ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునే కుర్రాళ్లకూ ఈ దారి మీద మనసు పోయేది అందుకే.

చట్టం సంగతి దాచకూడదు. యాపిల్ లైసెన్సు ప్రకారం మ్యాక్ఓఎస్‌ను యాపిల్ కంప్యూటర్ల మీదే నడపాలి. సొంతానికి చేసుకున్నా అది లైసెన్సు దాటడమే. ఫ్లోరిడాకు చెందిన సైస్టార్ అనే సంస్థ 2008లో ఇలాంటి యంత్రాలను అమ్మకానికే పెట్టింది. యాపిల్ కోర్టుకెక్కింది. 2009 నవంబరులో తీర్పు యాపిల్ వైపే వచ్చింది.

ఇక నందపూర్ చుట్టూ ఉన్న మన ప్రాంతం కష్టం వేరు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా ఈ కోరాపుట్, రాయగడ సీమ విశాఖపట్నం జిల్లాలోదే. సరిహద్దు మారింది గాని, ఇక్కడి తెలుగు కుటుంబాలకు పెద్ద బజారంటే నేటికీ విశాఖే. కొత్తవలస–కిరందుల్ లైను మీద సొరంగాలన్నీ దాటి ఒక కేబుల్ కోసం వెళ్లిరావడమంటే ఒక రోజు ధారపోయడమే. తెచ్చింది అక్కర్లేని సామాను అని తేలితే ఆ బాధ ఇంతా అంతా కాదు. అందుకే కొనడానికి ముందు కనుక్కోవడం ఇక్కడివాళ్లకు మరీ అవసరం.

మొదటి బొమ్మ మదర్‌బోర్డే. యంత్రం లేవగానే బోర్డులో ముందుగా నడిచే బయోస్ తెర తెరిచి, డిస్కుల జాబితాలో మన డిస్కు పేరుందో లేదో చూడాలి. లేకపోతే మ్యాక్ఓఎస్‌ను తిట్టుకుని లాభం లేదు, అది ఇంకా రంగంలోకే రాలేదు. డేటా కేబులు, కరెంటు కేబులు, పోర్టు, లేదా డిస్కు, వీటిలోనే తప్పుంది. వీటిలో పోర్టును ఎవరూ అనుమానించరు. నిజానికి మొదట అనుమానించాల్సింది దాన్నే.

చాలా బోర్డుల్లో ఎం.2 స్లాటూ, డిస్కుల కేబుళ్లు తగిలించే కొన్ని సాటా పోర్టులూ ఒకే దారిని పంచుకుంటాయి. స్లాటులో కొత్త ఎస్ఎస్‌డీ పెట్టగానే, నిన్నటిదాకా పనిచేసిన ఒకటో రెండో సాటా పోర్టులు మూగబోతాయి. అవి పాడవలేదు, వాటి దారి ఎస్ఎస్‌డీకి వెళ్లిపోయిందంతే. ఏ స్లాటు నింపితే ఏ పోర్టు మూతపడుతుందో బోర్డు మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. డిస్కు చచ్చిపోయిందని కొత్తది కొనేముందు ఆ పేజీ ఒక్కసారి చదవాలి.

పోర్టులోనే నిజంగా లోపమున్న సందర్భమూ ఉంది, అదీ లక్షల బోర్డుల్లో. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్లలో లోపం ఉందని ఒప్పుకుంది. 0, 1 నంబర్ల వేగవంతమైన సాటా పోర్టులకు ఏమీ కాదు గాని, 2 నుంచి 5 దాకా ఉన్న పోర్టులు కాలం గడిచేకొద్దీ బలహీనపడే ప్రమాదం ఉందని తేలింది. బాగుచేసి, మార్చి ఇవ్వడానికి 70 కోట్ల డాలర్లు అవుతుందని ఆ సంస్థే అంచనా వేసింది. సరిచేసిన చిప్‌సెట్లకు బీ3 అనే గుర్తు వచ్చింది. ఆ తరం బోర్డులు హ్యాకింటాష్‌కు బాగా పనికొచ్చాయి, చేతులు మారుతూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. పాత బోర్డు కొనేవాళ్లు బీ3 అవునో కాదో అడగడం మరవకూడదు. లోపమున్న బోర్డే చేతికొస్తే, డిస్కుల్ని 0, 1 పోర్టులకే తగిలిస్తే బండి నడుస్తుంది.

అంతకు ముందరి తరానిది ఇంకో చిక్కు. గిగాబైట్ ఎక్స్58ఏ-యూడీ3ఆర్ బోర్డునే తీసుకుంటే, ఇంటెల్ సాటా పోర్టులకు తోడు మార్వెల్ చిప్ నడిపే రెండు పోర్టులు అదనంగా ఉంటాయి. సెకనుకు 6 గిగాబిట్లని పెట్టె మీద గొప్పగా రాసి ఉన్నది వాటి గురించే. వేగం చూసి బూట్ డిస్కును అక్కడ తగిలించాలనిపిస్తుంది. కానీ మ్యాక్ఓఎస్‌కు చిరపరిచయం ఇంటెల్ పోర్టులే. వేగం సగమైనా బూట్ డిస్కు చోటు అక్కడే. పోర్టుల రంగులు, పక్కనున్న పొట్టి అక్షరాలు చూస్తే ఏవి ఎవరివో తెలిసిపోతుంది.

తీగ సరైన చోటే ఉన్నా, బయోస్‌లో సాటా పద్ధతి ఏహెచ్‌సీఐ అయి ఉండాలి. రెయిడ్ అనో ఐడీఈ అనో ఉంటే మ్యాక్ఓఎస్‌కు డిస్కు కనబడదు. "నేను ఏమీ మార్చలేదు, నిన్న పనిచేసింది, ఇవాళ రావట్లేదు" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది రూపాయి బిళ్లంత బ్యాటరీ. బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోతే, గోడ స్విచ్ ఆపేసిన ప్రతిసారీ బయోస్ తన పాత అలవాట్లకు వెళ్లిపోతుంది. కొన్ని బోర్డుల్లో ఆ పాత అలవాటు రెయిడ్. ఉరుముల కాలంలో ఈ కొండల్లో ప్లగ్గులన్నీ పీకేయడం మంచి అలవాటే. మర్నాడు గడియారం తప్పు టైము చూపిస్తే మాత్రం ముందు ఆ బ్యాటరీ మార్చాలి.

రెండో మెట్టు ఓపెన్‌కోర్ మెనూ. పెన్‌డ్రైవ్ ఉంటేనే వస్తోంది, తీసేస్తే రావట్లేదు అంటే రోగం తెలిసిపోయినట్టే. బూట్‌లోడర్ ఉండాల్సిన చోటు డిస్కు మొదట్లో దాగి ఉండే ఈఎఫ్ఐ అనే చిన్న భాగం. ఇన్‌స్టాల్ చేసే హడావిడిలో అది పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోయింది. ఆ ఈఎఫ్ఐ ఫోల్డరును లోపలి డిస్కు ఈఎఫ్ఐ భాగంలోకి కాపీ చేస్తే చాలు.

మెనూ వచ్చి, మ్యాక్ పేరు ఎంచుకున్నాక ఆగిపోతే పని ఎక్కువ. అప్పుడు ఓపెన్‌కోర్ సెట్టింగుల్లోని బూట్ ఆదేశాల వరుసలో '-వీ' చేర్చాలి, చిన్న ఇంగ్లిష్ అక్షరంతో. యాపిల్ బొమ్మకు బదులు తెల్లని అక్షరాల వరుసలు పరుగెడతాయి. భయపడక్కర్లేదు, చివర ఆగిన వరుసను ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి. అక్కడ 'స్టిల్ వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్' అని పడితే విషయం స్పష్టం. మ్యాక్ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లేచింది, మిగతా వ్యవస్థ ఉన్న డిస్కు కోసం వెతుకుతోంది, దొరకడం లేదు. దాని కళ్ల ముందే తలుపు మూసుకుంది.

ఆ తలుపు లోపలి డిస్కుదైతే పైన చెప్పుకున్నవే మళ్లీ చూడాలి. పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేస్తుంటే మాత్రం తప్పు యూఎస్‌బీ లెక్కలో ఉంటుంది. 2015 నాటి ఎల్ క్యాపిటన్ నుంచి మ్యాక్ఓఎస్ ఒక కంట్రోలరుకు 15 పోర్టులనే ఒప్పుకుంటుంది. నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రం బయటికి ఒకటే, లెక్కలో మాత్రం రెండు. పాత వేగానికి ఒకటి, కొత్త వేగానికి ఒకటి. ఇంటెల్ జడ్370 చిప్‌సెట్‌లో ఆ లెక్క 26 దాకా పోతుంది. 15 దాటినవి మ్యాక్‌కు లేనట్టే. బయోస్‌కు ఈ నియమం లేదు కాబట్టి అది పెన్‌డ్రైవ్‌ను చదివి పంపిస్తుంది. మ్యాక్ పగ్గాలు అందుకోగానే అదే పెన్‌డ్రైవ్ మాయమవుతుంది! తక్షణం చేయగలిగింది నల్లరంగు యూఎస్‌బీ 2 రంధ్రంలోకి మార్చి చూడటం. శాశ్వతంగా అయితే వాడే పోర్టులు ఏవో ఎంచి, 15లోపు పట్టిక తయారుచేసుకోవాలి. యూఎస్‌బీటూల్‌బాక్స్ లాంటి ఉచిత పరికరాలు అందుకే ఉన్నాయి. పరిమితిని ఎత్తేసే పాత చిట్కా 2021లో వచ్చిన బిగ్ సర్ 11.3 నుంచి పనిచేయడం లేదు.

ప్రతి తప్పూ మన చేతిపని కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా యాపిల్ పరికరాలను కూలదోసింది. 'జ్ఞా' అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో చేరి వస్తే, దాన్ని తెర మీద గీయలేక యాప్‌లు మూసుకుపోయేవి. అది నోటిఫికేషన్‌లో వస్తే ఐఫోన్ మళ్లీ మళ్లీ మొదటికే వెళ్లేది. మ్యాక్‌లకూ అదే జబ్బు. ఫిబ్రవరి 19న యాపిల్ సవరణ విడుదల చేసింది. జ్ఞానంలోని అక్షరమే అలా చేయడం తెలుగువాళ్లు మరిచిపోలేని సంగతి.

ఈ దారి మాత్రం ముగింపుకొస్తోంది. 2020 నవంబరులో ఎం1 చిప్‌తో యాపిల్ ఇంటెల్‌కు దూరం జరిగింది. ఇంటెల్ మ్యాక్‌ల మీద నడిచే చివరి వెర్షన్ 2025లో వచ్చిన టహోయే అని ఆ సంస్థే చెప్పింది. ఆ తర్వాతి వెర్షన్ల కోసం కొత్త పీసీ కూర్చడం వృథా ఖర్చు. నాలుగు డబ్బులు కూడబెట్టి పాతదైనా ఎం1 మ్యాక్ కొనుక్కోవడమే మేలు. ఇప్పటికే నడుస్తున్న యంత్రం ఉన్నవాళ్లు దాన్ని చెడగొట్టుకోకుండా కాపాడుకోవాలి. ఇవాళే ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఈఎఫ్ఐ ఫోల్డరు కాపీ చేయండి. ఏ డిస్కు ఏ పోర్టుకు తగిలి ఉందో, బయోస్‌లో ఏమేం మార్చారో ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపుకు లోపలివైపు అంటించండి. మరమ్మతు మొదలుపెట్టాక ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి.