డిస్క్ హెడ్‌కు దగ్గరి దారి

ఫైళ్లు పేర్ల వరసలో కనిపిస్తాయి కదా, డిస్క్ మీద కూడా అదే వరసలో ఉంటాయా అని ఒక విద్యార్థి అడిగాడు. ఉండవు. పేర్ల వరస మన కంటి కోసం ఎల్‌ఎస్ కమాండ్ పేర్చి చూపించేది. లినక్స్ ఈఎక్స్‌టీ4లో పెద్ద ఫోల్డరైతే పేర్లు హ్యాష్ లెక్క ప్రకారం ఉంటాయి. ఆ వరసకూ ఫైలున్న చోటుకూ సంబంధమే లేదు.

హార్డ్ డిస్క్‌లో అసలు ఖర్చు చదవడానికి కాదు, చేరుకోవడానికి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లేనికి ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. డేటా చదివే హెడ్ సరైన ట్రాక్ మీదికి జరగడానికీ దాదాపు అంతే. ఆపైన కావలసిన సెక్టార్ వచ్చేదాకా సగటున అర చుట్టు ఎదురుచూపు. వెరసి 12 మిల్లీసెకన్లు. చెల్లాచెదురుగా ఉన్న 10,000 చిన్న ఫైళ్లయితే రెండు నిమిషాలు హెడ్ పరుగులకే సరి!

కెర్నెల్‌కు ఇది తెలియదా? తెలుసు. అందుకే లిఫ్ట్ పద్ధతి పెట్టారు: ఒక దిక్కుగా వెళ్తూ దారిలోని పిలుపులన్నీ అందుకోవడం. కానీ ఫైళ్లను ఒకే కట్టగా కట్టే టార్ లాంటి ప్రోగ్రామ్ ఒక ఫైలు చేతికొచ్చాకే రెండోది అడుగుతుంది. క్యూలో ఒక్క పిలుపే ఉంటే కెర్నెల్ ఏం ఎంచుతుంది?

ఆ తెలివిని షెల్‌లోకి తెచ్చే ఉపాయమంటే నాకు ప్రాణం. ప్రతి ఫైలుకూ దాని వివరాలు దాచే ఐనోడ్ అనే రికార్డు, దానికో నంబరు ఉంటాయి. ఐనోడ్ పట్టికలు డిస్క్ పొడవునా నంబర్ల వరసలోనే ఉంటాయి. ఫైలు డేటాను కూడా ఈఎక్స్‌టీ4 వీలైనంతవరకు ఆ దగ్గర్లోనే పెడుతుంది. అంటే నంబరే ఉజ్జాయింపు చిరునామా. ఎల్‌ఎస్‌కు -ఐ తగిలిస్తే పేరు ముందు ఆ నంబరు వస్తుంది. డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా కెన్ థాంప్సన్ 1973లో యూనిక్స్‌కు అమర్చిన పైపు గుండా దాన్ని, నంబర్ల వరసలో పేర్చే సార్ట్ -ఎన్‌కు పంపాలి. సార్ట్ చివరి లైను అందేదాకా మొదటి లైను వదలదు. అతి చిన్న నంబరు ఆఖర్న ఉండొచ్చు మరి. కెర్నెల్‌కు దొరకని మొత్తం జాబితా దానికి దొరుకుతుంది. నంబర్లు తీసేసి పేర్లను టార్‌కు అందిస్తే హెడ్ చాలావరకు ఒకే దిక్కున సాగుతుంది. డ్రైవ్ కరకరలు తగ్గడం చెవికే తెలుస్తుంది.

ఈఎక్స్‌టీ4 నిర్మాతల్లో ఒకరైన టెడ్ త్సో, ఏ ప్రోగ్రామ్‌కైనా జాబితాను ఇలా ఐనోడ్ వరసలో అందించే చిన్న లైబ్రరీ రాశారు. పదేపదే తిరగరాసి ముక్కలైన ఫైళ్ల దగ్గర మాత్రం నంబరును నమ్మలేం; ఫైల్‌ఫ్రాగ్‌తో అసలు బ్లాకులే చూడాలి.

ఎస్‌ఎస్‌డీలో హెడ్ లేదు, కాబట్టి ఈ వరసతో ఒరిగేది తక్కువే. బ్యాకప్ హార్డ్ డిస్క్ మీద మాత్రం తేడా కొలిచి చూడండి. అయితే రెండోసారి నడిపినప్పుడు ఫైళ్లు ర్యామ్‌లోంచే వచ్చేస్తాయి. క్యాష్ ఖాళీ చేశాకే గడియారం పెట్టాలి.